వయసు తక్కువ, రంగు ఎక్కువ: ఆరేళ్ళ షెర్రీ కాస్క్ సింగిల్ మాల్ట్‌ని రుచి చూడడం

మీ ప్రశ్నని ముందు నాలుగు ముక్కల్లో చెప్పుకుంటాను. మీ బావగారు ఎడింబరో నుంచి ఒక స్పేసైడ్ సింగిల్ మాల్ట్ తెచ్చారు, అంటే స్కాట్లాండ్‌లోని స్పేసైడ్ ప్రాంతంలో ఒకే డిస్టిలరీలో మొలకెత్తిన బార్లీతో చేసిన విస్కీ. లేబుల్ మీద ఆరేళ్ళు, ఫస్ట్ ఫిల్ ఒలొరోసో హాగ్స్‌హెడ్, 59 శాతం అని ఉంది, అంటే ఒలొరోసో అనే షెర్రీ వైన్ ఉంచిన పీపాలో (కాస్క్ అన్నా అదే) ఆరేళ్ళు పెట్టి, 59 శాతం ఆల్కహాల్‌తో సీసాలో నింపారని. రంగు బాగా ముదురు. మూత తీసి వాసన చూస్తే ముక్కు మండింది, పైగా అగ్గిపుల్ల గీసిన వాసన. ఒక ఫ్రెండ్ ఇది రమ్మే అన్నాడు, ఇంకొకడు డూప్లికేట్ అన్నాడు, మూడోవాడు ఆరేళ్ళ సరుక్కి ఇంత రేటెందుకని నవ్వాడు. ఇది బాగున్నట్టా, కాదా, అసలు దీన్ని ఎలా రుచి చూడాలి అన్నది మీ సందేహం.

మీరు రాసిన లక్షణాలను బట్టి డూప్లికేట్ అని అనుమానపడక్కర్లేదు. ముదురు రంగు, ముక్కు మంట, కాస్త గంధకం వాసన, ఈ మూడూ ఇలాంటి సీసాల్లో మామూలే. బాగుందా లేదా అన్నది మాత్రం ఒక్క గుటకతో తేలదు. వయసు తక్కువ షెర్రీ కాస్క్ మాల్ట్‌లో నేను చూసేది ఒక్కటే. డిస్టిలరీలో దిగిన అసలు స్పిరిట్ ఆ చెక్క మధ్య నుంచి, ఆ వైన్ మధ్య నుంచి కనిపిస్తోందా? కనిపిస్తే ఆ రెండిటితో కలిసిందా, లేక వేరుగా నిలబడిందా? కొత్త ఆవకాయ జాడీ తెరిచిన మొదటి వారంలో ఆవఘాటు వేరుగా, నూనె వేరుగా, ముక్క పులుపు వేరుగా తగులుతాయి చూడండి, ఆరేళ్ళ షెర్రీ మాల్ట్ చాలాసార్లు ఆ దశలోనే సీసాలోకి వచ్చేస్తుంది. ఆ ఘాటే కావాలనేవాళ్ళూ ఉన్నారు, వాళ్ళని తప్పుపట్టలేం.

రంగు సంగతి ముందు తేల్చేద్దాం, అందరూ బోల్తాపడేది అక్కడే. స్టిల్, అంటే స్పిరిట్‌ని కాచి దించే రాగి పాత్ర, దాన్నుంచి దిగే స్పిరిట్‌కి రంగే ఉండదు. తర్వాత వచ్చేదంతా పీపాది. మీ సీసా హాగ్స్‌హెడ్‌లోంచి వచ్చింది, అంటే సుమారు 250 లీటర్ల పీపా. షెర్రీ బట్ అయితే 500 లీటర్లు పడుతుంది. పీపా చిన్నదయ్యేకొద్దీ ఒక్కో లీటరుకి తగిలే చెక్క పెరుగుతుంది. ఫస్ట్ ఫిల్ అంటే షెర్రీ తీసేశాక అందులో మొదటిసారి విస్కీ పోశారని. చిన్న పీపా, మొదటి వాడకం, ఈ రెండూ కలిస్తే ఆరేళ్ళకే ఎర్రటి ముదురు రంగు వస్తుంది. అదే స్పిరిట్‌ని రెండు మూడుసార్లు వాడేసిన బట్‌లో పోసి ఇరవై ఏళ్ళు ఉంచినా లేత బంగారు రంగు దాటకపోవచ్చు. కాబట్టి రంగుని బట్టి పీపా ఎంత బలంగా పనిచేసిందో కొంత తెలుస్తుంది గానీ వయసు తెలియదు. అదీ కారమెల్ కలపనప్పుడే. స్కాచ్‌లో రంగు సరిచేయడానికి ఇ150ఎ అనే సాదా కారమెల్‌ కలపడానికి చట్టం ఒప్పుకుంటుంది. మీ లేబుల్ మీద నేచురల్ కలర్ అని ఉందేమో చూడండి. జర్మనీలో రంగు కలిపిన సంగతి లేబుల్ మీద రాసి తీరాలి, అందుకే అనుమానం ఉన్న బ్రాండుకి జర్మనీ లేబుల్ ఫొటో వెతికి చూసేవాళ్ళు చాలామంది.

రమ్ అన్న మీ ఫ్రెండ్ మరీ అన్యాయంగా ఏమీ అనలేదు. కిస్మిస్, ఖర్జూరం, మాడిన పంచదార వాసనలు రెండిట్లోనూ ఉంటాయి. తేడా కింద పొరలో ఉంటుంది. అది పట్టుకోవడమే ఈ పనంతా.

ఇక షెర్రీ అంటే ఏమిటో కొంచెం వివరంగా చెప్పాలి, ఎందుకంటే మీ గ్లాసులో ఉన్న వగరుకి కారణం అక్కడే ఉంది. షెర్రీ స్పెయిన్ దక్షిణాన అండలూసియాలో, హెరెస్ ఊరి చుట్టుపక్కల చేసే వైన్. ద్రాక్ష నుంచి తీసిన స్పిరిట్ కలిపి దాని బలం పెంచుతారు. ఒలొరోసో అందులో ఒక రకం. పాలోమినో ద్రాక్షతో చేసి, గాలి తగిలేలా పీపాల్లో ఏళ్ళ తరబడి ఉంచుతారు. షెర్రీ అనగానే తీపి అనుకుంటారు గానీ ఒలొరోసో స్వతహాగా తీపి లేని వైన్. అక్రోటు, తోలు, ఎండిన నారింజ తొక్క, పాత చెక్క పెట్టె, ఇలా ఉంటుంది దాని వాసన. తియ్యగా, బెల్లం పాకంలా చిక్కగా ఉండేది పెద్రో హిమెనెథ్, లేబుళ్ళ మీద పీఎక్స్ అని కనిపిస్తుంది. దానికి ద్రాక్షని ముందు ఎండబెడతారు. మీ సీసాలో పీఎక్స్ తీపి వెతికితే నిరాశే మిగులుతుంది.

ఒకప్పుడు షెర్రీ పీపాలతోనే ఓడల్లో బ్రిటన్‌కి వచ్చేది, అక్కడ సీసాల్లో నింపేవాళ్ళు. ఖాళీ అయిన పీపాలు చవకగా దొరికేవి, విస్కీవాళ్ళు కొనుక్కునేవాళ్ళు. 1980లకి వచ్చేసరికి సీసాల్లో నింపడం స్పెయిన్‌లోనే జరగాలన్న నియమంతో ఆ దారి మూసుకుపోయింది. అలసిపోయిన పీపాల్లోకి పాక్సారెట్ అనే చిక్కటి తీపి వైన్ పాకాన్ని ఒత్తిడితో ఎక్కించే అలవాటు కూడా ఉండేది, దాన్నీ తర్వాత ఆపించారు. ఇప్పుడు మనకి దొరికే షెర్రీ కాస్క్ విస్కీల్లో ఎక్కువభాగం వెనక ఉన్నది విస్కీ కోసమే ఆర్డరిచ్చి చేయించిన పీపాలు. కొత్త పీపా కట్టించి, అందులో ఏడాదో రెండేళ్ళో షెర్రీ పోసి నానబెట్టి, ఖాళీ చేసి స్కాట్లాండ్‌కి పంపుతారు. దీన్నే సీజనింగ్ అంటారు. ఆ నానబెట్టిన షెర్రీని సాధారణంగా తాగడానికి అమ్మరు, వెనిగర్‌కో బ్రాందీకో పోతుంది. షెర్రీ నిజంగా పెరిగే సొలేరా పీపాలు దశాబ్దాల నాటివి. వాటిని బొడేగాలు, అంటే షెర్రీ తయారుచేసే సంస్థలు, మామూలుగా అమ్మవు, అమ్మినా వాటి చెక్కలో సారం పెద్దగా మిగలదు.

దీని ఫలితం ఏమిటంటే మీ ఆరేళ్ళ విస్కీ దాదాపు కొత్త చెక్కతో కాపురం చేసింది. వైన్ ఆ చెక్కలో ఒకటి రెండేళ్ళే ఉంది. చెక్క యూరోపియన్ ఓక్ అయితే, స్పెయిన్ ఉత్తరాన గలీసియా వైపు పెరిగే రకం, టానిన్ ఎక్కువ. లవంగం, ఎండు పండ్లు, నోరు పట్టేసే వగరు దానివే. అమెరికన్ ఓక్‌తో చేసిన షెర్రీ కాస్కులూ బోలెడు ఉన్నాయి. వాటిలో వెనిల్లా, కొబ్బరి, లేత తీపి ముందుకొస్తాయి. లేబుల్ మీద ఇది రాయడం తక్కువ. నాలుక మీద పెట్టుకుంటే అంచనా వేయొచ్చు. మింగాక చిగుళ్ళ మీద నేరేడుపండు తిన్నాక మిగిలే వగరు ఉంటే యూరోపియన్ ఓక్ వైపు మొగ్గండి.

వయసు మాట. స్కాచ్‌కి చట్టం అడిగేది 700 లీటర్లకి మించని ఓక్ పీపాలో కనీసం మూడేళ్ళు, సీసాలో కనీసం 40 శాతం ఆల్కహాల్. ఆరేళ్ళంటే ఆ కనీసానికి రెట్టింపు. పీపాలో జరిగే పనులు మూడు. చెక్క నుంచి రుచి రావడం మొదటిది, ఇది తొలి ఏళ్ళలోనే చురుగ్గా జరుగుతుంది. పచ్చి స్పిరిట్‌లోని గంధకం, ఘాటు లాంటివి వదలడం రెండోది. చెక్క గుండా గాలి మెల్లగా చేరి లోపలి రుచులు ఒకదానితో ఒకటి కలవడం మూడోది. మొదటి పని ఆరేళ్ళలో అయిపోతుంది, బలమైన పీపా అయితే మితిమీరి కూడా అవుతుంది. మూడోదాన్ని తొందరపెట్టే దారి లేదు. వయసు తక్కువ షెర్రీ మాల్ట్‌లో గొడవంతా ఇదే. చూపుకీ మొదటి వాసనకీ పెద్ద వయసు, నోట్లో నాలుగు సెకన్లు గడిచాక చిన్న వయసు.

రుచి చూసే రోజు గురించి. వంటింట్లో పోపు వేసిన సాయంత్రం, అగరుబత్తి వెలిగించిన గదిలో, సెంటు కొట్టుకుని ఈ పని పెట్టుకోకండి. ముందు మిర్చి బజ్జీ, చికెన్ 65 తిన్నా అంతే, కారం మీద 59 శాతం ఆల్కహాల్ పడితే మంట తప్ప ఇంకేమీ తెలియదు. వక్కపొడి, పాన్ కూడా వద్దు. మన ఊళ్ళలో ఇంకో ఇబ్బంది ఉంది, పుస్తకాల్లో రాయరు. విస్కీని గది ఉష్ణోగ్రతలో తాగమంటారు, ఆ మాట పుట్టింది గది 18, 20 డిగ్రీలుండే దేశంలో. మే నెల హైదరాబాద్‌లో, విజయవాడలో ఏసీ లేని గదంటే 35 దాటుతుంది. ఆ వేడికి ఆల్కహాల్ ఎగిరి ముక్కులోకి కొడుతుంది, మిగతా వాసనలన్నీ వెనకపడతాయి. మీ ముక్కు మంటలో సగం వేసవిది కావచ్చు. ఏసీ గదిలో పెట్టుకోండి, లేదా ఖాళీ గ్లాసుని పది నిమిషాలు ఫ్రిజ్‌లో ఉంచి తీసి పోయండి. ఐసు మాత్రం మొదటిసారి వద్దు. చల్లదనానికి వాసనలు మూసుకుపోతాయి, వగరు మిగులుతుంది.

గ్లాసు అడుగున వెడల్పుగా, మూతి సన్నగా ఉండాలి. గ్లెన్‌కెయిర్న్ గ్లాసు ఉంటే మంచిది, లేకపోతే చిన్న వైన్ గ్లాసు చాలు. పెద్ద పెగ్గు కొలతలు మర్చిపోండి. మన దగ్గర మామూలు విస్కీ 42.8 శాతం. దాని లెక్కన అలవాటైన చేత్తో 59 శాతం విస్కీ 60 మిల్లీలీటర్లు పోస్తే లోపలికి వెళ్ళేది మామూలు విస్కీ 80 మిల్లీలీటర్ల పైమాట. 20, 25 మిల్లీలీటర్లు పోసుకోండి, రుచి చూడ్డానికి అది సరిపోతుంది, ఆ సాయంత్రం బండి తాళాలు ఇంకొకరికిచ్చేయండి.

పోశాక గ్లాసు మీద ఒక సాసర్ మూతపెట్టి పది పదిహేను నిమిషాలు వదిలేయండి. వైన్‌లాగా గిరగిరా తిప్పొద్దు, ఈ బలంలో తిప్పితే ఆల్కహాలే పైకొస్తుంది. ముక్కుని గ్లాసులోకి దూర్చకుండా అంచుకి కొంచెం పైన పెట్టి, నోరు కాస్త తెరిచి గాలి పీల్చండి. ముందుగా వచ్చేది వైన్: కిస్మిస్, అంజీర, అక్రోటు, నారింజ తొక్క. రెండోసారి చెక్క: దాల్చిన, లవంగం, కొత్తగా చిత్రికపట్టిన బల్ల. ఈ రెండూ ఎవరికైనా దొరుకుతాయి. మీరు వెతకాల్సింది మూడోది, స్పిరిట్. వయసు తక్కువ మాల్ట్‌లో అది పచ్చి ఆపిల్, బేరిపండు, రాగిజావ లాంటి ధాన్యపు వాసన, పులిసిన పిండి, ఒక్కోసారి గోళ్ళ రంగు రూపంలో ఉంటుంది. బేరిపండు, ధాన్యం దొరికితే నాకు సంతోషం, అది ఏ డిస్టిలరీదో చెప్పే ఆనవాలు అదే. గోళ్ళ రంగు, పచ్చి పిండి వాసన ఎండు పండ్ల పక్కన విడిగా నిలబడితే ఇంకా కొన్నేళ్ళు పీపాలో ఉండాల్సిందని అర్థం. ఇరవై నిమిషాలు వెతికినా స్పిరిట్ జాడే లేకపోతే పీపా దాన్ని మింగేసింది. అలాంటివి మొదటి గ్లాసుకి అదిరిపోతాయి, మూడో వారానికి విసుగొస్తాయి, ఎందుకంటే అలాంటి పీపాలో ఏ డిస్టిలరీ స్పిరిట్ పోసినా దాదాపు అదే రుచి వస్తుంది.

ఇప్పుడు మీ అగ్గిపుల్ల. షెర్రీ కాస్క్ విస్కీల మీద జరిగినన్ని వాదనలు ఇంకే విషయం మీదా జరగలేదేమో, సగం ఈ గంధకం వాసన గురించే. అది రెండు దారుల్లో వస్తుంది. ఖాళీ పీపాలు బూజు పట్టకుండా లోపల గంధకపు వత్తి వెలిగించే పాత పద్ధతి ఒకటి. రెండోది స్పిరిట్‌లోనే ఉండేది. స్టిల్లులో, దాని ఆవిరి చల్లబడే గొట్టాల్లో రాగి ఎంత తగిలితే గంధకం అంత పోతుంది. స్పేసైడ్‌లోనే మోర్ట్‌లాక్, క్రెయిగెల్లకీ లాంటి చోట్ల చల్లార్చడానికి ఇప్పటికీ వార్మ్ టబ్ వాడతారు. అంటే నీళ్ళ తొట్టిలో మునిగిన పొడుగాటి రాగి చుట్ట. అందులో ఆవిరి తొందరగా ద్రవమైపోయి రాగితో పని తక్కువ పడుతుంది, అందుకే అక్కడి స్పిరిట్ బరువుగా, మాంసపు వాసనతో దిగుతుంది. ఏళ్ళు గడిచేకొద్దీ అది తగ్గుతుంది. ఆరేళ్ళకి కొంత మిగిలి ఉండడం వింతేమీ కాదు.

ఏ రకం గంధకం అన్నదే ముఖ్యం. అప్పుడే గీసిన అగ్గిపుల్ల, టపాసుల మందు, ఇవి తేలికైనవి. ఒకసారి తెరిచి మళ్ళీ మూత బిగించిన సీసా రెండు మూడు వారాలు అలా ఉంటే చాలావరకు తగ్గిపోతాయి, ముదురు చాక్లెట్ వాసనకి ఒక పదును కూడా ఇస్తాయి. ఉడికిన క్యాబేజీ, కాలిన రబ్బరు, మురుగు, ఇవి బరువైనవి, వారాలు కాదు నెలలు ఆగినా పోవు. అనుమానం తీరాలంటే ఒక చిన్న పరీక్ష. రెండు గ్లాసుల్లో ఒక్కో చెంచా పోసి, ఒకదాంట్లో శుభ్రంగా తోమిన రాగి తీగ ముక్క వేసి పది నిమిషాలు ఆగండి. రాగి వేసిన గ్లాసులో ఆ వాసన తగ్గితే అది గంధకమే. ఆ గ్లాసు పారబోయండి, అది వాసన చూడ్డానికే. ఇంకో సంగతి, గంధకం వాసన అందరికీ ఒకేలా తగలదు. మీ గ్రూపులో ఒకరికి భరించలేనిది పక్కవాడికి అసలు తెలియకపోవచ్చు, ఎవరూ అబద్ధం చెప్పడం లేదు.

నోట్లోకి వెళ్దాం. మొదటి గుటక లెక్కలోకి తీసుకోకండి, అది నాలుకని అలవాటు చేయడానికి. రెండోది అర చెంచా కంటే కొంచెం ఎక్కువ తీసుకుని నోరంతా తిప్పి, అయిదారు సెకన్లు ఉంచి మింగండి. ముందు తీపి, మధ్యలో మసాలా, చివర వగరు, ఈ వరుస చాలా షెర్రీ మాల్ట్‌లలో ఉంటుంది. మంచిదైతే ఒకదాంట్లోంచి ఇంకోటి వస్తుంది. తొందరపడి దించినదైతే తీపి అయిపోగానే ఒక ఖాళీ వస్తుంది, ఆ ఖాళీలో పచ్చి ఆల్కహాల్ ఘాటు, తర్వాత ఎండు చెక్క చేదు. ఆ మధ్య ఖాళీ ఉందా లేదా అన్నదానికి నేను వాసన కంటే ఎక్కువ మార్కులు వేస్తాను.

మంట విషయంలో జాగ్రత్తగా ఉండాలి, ఎందుకంటే రెండు మంటలు ఉంటాయి. ఆల్కహాల్ శాతం వల్ల వచ్చేది ఒకటి, పచ్చితనం వల్ల వచ్చేది ఇంకొకటి. తేడా నీళ్ళు చెబుతాయి. 30 మిల్లీలీటర్ల 59 శాతం విస్కీకి ఒక టీ చెంచా నీళ్ళు, అంటే 5 మిల్లీలీటర్లు కలిపితే సుమారు 50 శాతానికి దిగుతుంది. ఇంకో ముప్పావు చెంచా కలిపితే 46 దగ్గరకి వస్తుంది. మీరు పోసుకున్నది తక్కువైతే ఆ మేరకు తగ్గించుకోండి. చుక్కలు చుక్కలుగా కలిపి ప్రతిసారీ ఆగి వాసన చూడండి. మంట తగ్గి పండ్లు, ధాన్యం పైకొస్తే అది శాతం మంటే, విస్కీ తప్పేమీ లేదు. నీళ్ళు కలిపాక పచ్చి గడ్డి, లోహం, పులిసిన పిండి ఇంకా స్పష్టంగా బయటపడితే అది పచ్చితనం. అప్పటిదాకా ఆల్కహాల్ బలం దాన్ని కప్పి ఉంచింది. నీళ్ళతో చేదు, వగరు పెరిగితే పీపా ఎక్కువైంది. అందుకే నీళ్ళు కలపడం చేతకానివాళ్ళ పని అనే పెద్దమనుషుల మాట పట్టించుకోను. విస్కీ కంపెనీల్లో శాంపిళ్ళు పరీక్షించే బ్లెండర్లే 20 శాతానికి దించి వాసన చూస్తారు.

నీళ్ళు కలిపినప్పుడు గ్లాసు కాస్త మసకబారితే కంగారుపడకండి. చిల్ ఫిల్టర్ చేయని, అంటే చల్లబరిచి వడకట్టని విస్కీలో కొవ్వు జాతి పదార్థాలు అలాగే ఉంటాయి, 46 శాతం కిందికి దిగినప్పుడో చల్లబడినప్పుడో మబ్బుగా కనిపిస్తాయి. సీసా అడుగున నల్లటి నలుసులు ఉంటే అవి పీపా లోపలి చెక్కవి. డూప్లికేట్ అన్న ఫ్రెండ్ వాటిని చూసే అని ఉంటాడని నా ఊహ. నీళ్ళు కొళాయివి వద్దు, క్లోరిన్ వాసన ఈ పనికి శత్రువు. బోరు నీళ్ళ ఉప్పదనమూ తెలిసిపోతుంది. ఫిల్టర్ నీళ్ళు చాలు.

తాగేశాక గ్లాసు కడగకుండా రాత్రంతా వదిలేసి పొద్దున్న వాసన చూడండి. ఆల్కహాల్ పోయి ఉంటుంది కాబట్టి ముసుగు ఉండదు. బెల్లం, చెక్క, పొగాకు మిగిలితే పీపా మంచిది. వాటి కింద మెత్తటి ధాన్యం వాసన కూడా ఉంటే స్పిరిట్ బతికే ఉంది. పుల్లటి తడి అట్టపెట్టె వాసన ఒక్కటే వస్తే ఆ సీసా గురించి నేను పెద్దగా ఆశపడను.

ఆరేళ్ళకి ఇంత రేటా అన్న మూడో ఫ్రెండ్‌కి జవాబు పీపాలోనే ఉంది. ఫస్ట్ ఫిల్ షెర్రీ కాస్క్ ధర బర్బన్ అనే అమెరికన్ విస్కీ ఉంచిన బ్యారెల్ ధరకి ఎన్నో రెట్లు. స్కాట్లాండ్‌లో ఏడాదికి సుమారు 2 శాతం ఆవిరైపోతుందని లెక్క. 250 లీటర్ల పీపా ఆరేళ్ళ తర్వాత నీళ్ళు కలపకుండా నింపితే 700 మిల్లీలీటర్ల సీసాలు సుమారు 300 వస్తాయి, అంతే. వయసు అంకె లేకుండానే పేరు తెచ్చుకున్నవీ ఉన్నాయి. అబెర్‌లౌర్ అబునా అలాంటిదే. ఒలొరోసో పీపాలు, నీళ్ళు కలపని బలం, బ్యాచ్ నంబర్ తప్ప వయసు రాయరు. గ్లెన్‌ఫార్క్లాస్ 105 కూడా 60 శాతం బలంతో ఎప్పటినుంచో ఉంది. ఇవి తాగినవాళ్ళు ఆరేళ్ళ సీసాని చూసి మరీ అంత నవ్వరు.

మన దేశపు మాల్ట్‌లకి ఈ వయసు లెక్క పనిచేయదు. బెంగళూరులో అమృత్ డిస్టిలరీ పీపాల్లోంచి ఏడాదికి 10 నుంచి 12 శాతం ఆవిరైపోతుందని వాళ్ళే చెబుతారు. ఆ వేడికి చెక్క రుచి త్వరగా ఎక్కుతుంది. అమృత్ ఇంటర్మీడియట్ షెర్రీని చూడండి: ముందు బర్బన్, కొత్త ఓక్ పీపాలు, మధ్యలో షెర్రీ పీపా, మళ్ళీ బర్బన్ పీపా. మొదటినుంచీ షెర్రీ పీపాలోనే ఉంచితే ఆ ఎండకి స్పిరిట్ మిగలదన్న జాగ్రత్త అందులో ఉందని నేను అనుకుంటాను. తైవాన్ కవలాన్ సోలిస్ట్ షెర్రీ దానికి ఎదురుదారి పట్టింది, రంగులో మీ సీసాని మించిపోతుంది, పీపా బలాన్ని దాచుకోదు. ఇక్కడ ఒక ఏడాది స్కాట్లాండ్‌లో మూడేళ్ళకి సమానం అనే ప్రచారం మాత్రం సగమే నిజం. చెక్క నుంచి రుచి లాగడం వేడికి వేగంగా జరుగుతుంది, గాలితో నెమ్మదిగా జరిగే ఆ మూడో పని అదే వేగంతో జరగదు. గోవా పాల్ జాన్ ఒలొరోసో దొరికితే మీ స్పేసైడ్ సీసా పక్కన పెట్టి చూడండి. పక్వం, తొందర రెండూ ఒకే గ్లాసులో ఎలా ఉంటాయో తెలుస్తుంది.

పొగ మాల్ట్ అయితే కథ ఇంకోలా ఉంటుంది. మాల్ట్‌ని ఆరబెట్టేటప్పుడు కాల్చే పీట్ అనే బురదనేల మట్టి పొగ వయసుతో తగ్గిపోతుంది కాబట్టి తక్కువ వయసులోనే అది గట్టిగా ఉంటుంది, పచ్చితనాన్నీ కప్పేస్తుంది. స్కాట్లాండ్‌లోని ఐలా దీవిలో 2005లో మొదలైన కిల్‌కోమన్ డిస్టిలరీ వాళ్ళు చిన్న వయసు విస్కీలతోనే నిలబడగలిగారంటే దీని పాత్ర కొంత ఉంది. వాళ్ళ మాకిర్ బే ఎక్కువగా బర్బన్ పీపాలది, సనేగ్ ఎక్కువగా షెర్రీ పీపాలది, రెండూ 46 శాతమే. షెర్రీ పీపా స్పిరిట్‌ని ఏం చేస్తుందో నేర్చుకోవడానికి ఇంతకంటే మంచి జత నాకు తట్టడం లేదు.

మీ సీసా విషయానికి వస్తే, ఇవాళే తీర్పు చెప్పకండి. మొదటి గ్లాసు తాగేసి మూత బిగించి, నిలువుగా, ఎండ తగలని బీరువాలో పెట్టండి. పొయ్యి దగ్గర అల్మారాలో వద్దు. వైన్ సీసాలా పడుకోబెట్టకండి, ఈ బలం ఆల్కహాల్ కార్కుని తినేస్తుంది. రెండు మూడు వారాలకి ఒకసారి ఇదే పద్ధతిలో చూడండి. అగ్గిపుల్ల తగ్గి నారింజ తొక్క, ధాన్యం పైకొస్తే బావగారికి ఫోన్ చేసి థాంక్స్ చెప్పండి. రబ్బరు వాసన అలాగే ఉంటే నీళ్ళు ఎక్కువ కలిపి, సోడా పోసి వాడుకోవడమే. సీసా మూడో వంతుకి దిగాక మిగిలింది చిన్న గాజు సీసాలోకి మార్చండి, లేకపోతే గాలి ఎక్కువై పండ్ల వాసన చప్పబడుతుంది. బావగారు మళ్ళీ వెళ్తే ఇంకో షెర్రీ కాస్క్ అడగొద్దు. ఇదే డిస్టిలరీది, దాదాపు ఇదే వయసుది, బర్బన్ పీపాలోది ఒకటి తెమ్మనండి. డ్యూటీ లేకుండా మనిషికి రెండు లీటర్ల దాకా తెచ్చుకోవచ్చు కాబట్టి రెండు సీసాలకి చోటుంది, రెండోది వారి ఇష్టం.